దూరమెవరిది?

కాపురానికి వచ్చిన కొత్తలో ఎవరి మొగుడైనా చీర తెస్తాడు, గాజులు తెస్తాడు, చేతకానివాడు మూరెడు మల్లెపూలైనా తెస్తాడు. మా ఆయన వెంకట్రాం మాత్రం నా చేతిలో ఒక ఇనుపమూతి కర్ర పెట్టాడు.

"ఇదేంది, పొయ్యిల కట్టెలు ఎగదోసేదా?" అన్నాను.

"గోల్ఫ్ కర్ర. నేర్పిస్త, రా" అన్నాడు.

దర్వాజ అవతల ఉన్న మా అత్తకు సగమే వినిపించింది. "పొద్దుపొద్దుగాల ఏం గోలరా మీది?" అంది. ఆనాటి నుంచి మా ఇంట్లో ఆ ఆట పేరు గోల.

పెళ్ళికి ముందు ఆయన సికింద్రాబాద్‌లో మిలిటరీకి బియ్యం సరఫరా చేసే ఒక సేటు దగ్గర పనిచేశాడు. ఆ సేటు బొల్లారంలో అఫ్సర్లతో గోల్ఫ్ ఆడుతూనే బేరాలు కుదుర్చుకునేవాడట. వెంట తిరిగిన మా ఆయనకు ఆట కొంచెం అబ్బింది, సేటు చెప్పిన నీతులు మాత్రం బాగా ఒంటబట్టాయి. మామ పోయాక రఘునాథపల్లికి వచ్చి మా రైస్ మిల్లు చేతిలోకి తీసుకున్నప్పుడు, సేటు ఇచ్చిన పాత కర్రల సంచీ, తెల్ల బంతులు, వాటితోపాటు ఆ నీతులు కూడా దిగుమతి అయ్యాయి. హమాలీ బస్తా జారవిడిచినా గోల్ఫ్ పాఠమే, ఇంజన్ ఆగిపోయినా గోల్ఫ్ పాఠమే. మా హమాలీ మేస్త్రి ఐలయ్య తలగుడ్డ సర్దుకుంటూ ఓపిగ్గా వినేవాడు. ఆయన అటు తిరగగానే నావైపు చూసి నవ్వేవాడు.

రఘునాథపల్లిలో ఆయనతో గోల్ఫ్ ఆడేదెవరు? అందుకని పెళ్ళానికి నేర్పుకున్నాడు. మిల్లు వెనక పడావు పడ్డ చెలకలో డాల్డా డబ్బాలు పాతి, ఒక్కో డబ్బా పక్కన వెదురు కట్టెకు చింపిన గోనెగుడ్డ కట్టాడు. పొద్దున్నే మిల్లు తెరవకముందే కొంగు నడుముకు చెక్కుకుని నేను బంతి కొడుతుంటే, గోడమీద కూర్చున్న పిల్లలు "పటేలమ్మ చిర్రగోనె ఆడుతుందిరో" అని, అదేదో బిళ్ళంగోడు అన్నట్టు, కేకలు పెట్టేవారు. డబ్బాలోకి బంతి దొర్లించడంలో ఆయనకంటే నా చెయ్యే నయమని మాత్రం ఇక్కడ చెప్పాలి. ఆయన ఒప్పుకోడు.

ఆ ఆటలో నాకు అస్సలు నచ్చనిది ఒకటుంది. బంతి ఊక కుప్పలో పడి కూరుకుపోతే చేత్తో తీయనిచ్చేవాడు కాదు. "పడ్డకాన్నుంచే కొట్టాలె" అనేవాడు. నోట్లో, కళ్ళల్లో, జుట్టులో ఊక. నచ్చింది ఇంకొకటి. డబ్బాకు ఎవరి బంతి ఎక్కువ దూరంలో ఉందో వాళ్ళే ముందు కొట్టాలి. దగ్గరున్నవాడు ఆగాలి.

"దగ్గరున్నోడికి తొందరేంది సరోజనా? వాడు ఎట్లయినా చేరుతడు. దూరమున్నోడు చేరేదాంక ఆగుడే పెద్దరికం. నలుగురితోటి యాపారం జేసేటోడు గిదొక్కటి నేర్చుకుంటే చాలని మా సేటు చెప్పేది" అనేవాడు.

అందుకని ప్రతి దెబ్బకూ ముందు "దూరమెవరిది?" అని అడగడం, "నాది" అని ఒకరు చెప్పడం అలవాటైపోయింది. తెలంగాణ లొల్లిలో బడులు బందయిన ఏడు మా మరిది సంజీవ కూడా ఇంటి పట్టున ఉండి మాతో కర్ర పట్టాడు. తర్వాత బడులు తెరిచారు. వాడు జనగామ నుంచి రైలు దిగి, పుస్తకాలు అరుగుమీద పడేసి, "వదినె, ఆకలయితుంది" అంటూ వంటింట్లోకి వచ్చేవాడు. "దూరమెవరిది రా?" అనేదాన్ని. "నాదే వదినె" అని పీట వాల్చుకునేవాడు. వాడు తిన్నాకే ఇంట్లో ఎవరైనా తినేది. నాకు పిల్లలు లేరు. వాణ్ణి చూసుకుని ఆ లోటు మరిచాను.

నేను చెప్పేది దివిసీమ మునిగిన ఏడాది వానాకాలపు కోతల ముచ్చట. అప్పటికి సంజీవ పెద్దవాడయ్యాడు, మిల్లు గేటు, కాంటా వాడే చూసుకునేవాడు. ఆ ఎండాకాలంలోనే ఊళ్ళో అందరికన్నా పెద్ద రైతు బుచ్చిరెడ్డి కూతురు రాధను వాడికి చేసుకున్నాం. రాధ మెత్తటి పిల్ల. నాకు తోడికోడలే అయినా చెల్లెలిలాగే మసలేది.

*

మా మిల్లులో మామ కాలం నుంచి ఒక పద్ధతి ఉంది. ఊరి బండ్లు అయిపోయాకే బయటి బండ్లు. ఎవరు ముందొచ్చారన్న లెక్క లేదు. గుట్ట అవతలి తండాల వాళ్ళు బండెడు వడ్లు తెచ్చి, ఎడ్లను విప్పి, ఊరివాళ్ళ బండ్లు ఒకదాని తర్వాత ఒకటి లోపలికి పోతుంటే చూస్తూ కూర్చునేవాళ్ళు. గోల్ఫ్ పాఠాలు చెప్పే మా ఆయన ఈ పద్ధతి జోలికి మాత్రం పోలేదు. నేను ఎత్తిపొడిచేదాన్ని.

"చెలకల ఒక నీతి, గేటుకాడ ఒక నీతా?"

"నీకు తెల్వది. ఊరంటే పరేషాన్ లేకుండ నడుపుకోవాలె" అనేవాడు. అనేసి ఆ రోజంతా నా మొహం చూడకుండా తిరిగేవాడు.

ఆ కార్తీకంలో గుట్టకింది తండా నుంచి దస్రు వచ్చాడు. ఆ తండాకు పెద్ద అతనే. ఏళ్ళ తరబడి జొన్నలు, ఆముదాలు తప్ప ఎరగని తండా, కొత్తగా తవ్వుకున్న బావుల కింద మొదటిసారి వరి వేసింది. ఆ వడ్లన్నీ కట్టగట్టుకుని ఒకేసారి తెచ్చారు. వెంట దస్రు భార్య మంగ్లీ కూడా ఉంది. అద్దాల రైక, చేతి నిండా దంతపు గాజులు, దేనికీ తగ్గని నోరు.

"పటేలా, నిన్న మాపటినుంచి కూసున్నం. ఎప్పుడు పిలుస్తరు?" అని ఆమె గేటు సందులోంచి అడిగింది.

"ఊరోళ్ళవి అయినంక" అన్నాడు సంజీవ.

"ఊరోళ్ళవి ఎప్పుడయితయి?"

"అయినప్పుడు."

"అప్పటిదాంక మా ఎడ్లు మీ గోడలు నాకాల్నా?"

సంజీవకు నవ్వొచ్చింది గాని గేటు తీయలేదు. వాడు చెడ్డవాడు కాదు. పద్ధతి అంతేననుకున్నాడు, మనమందరం అనుకున్నట్టే.

నేను మంగ్లీకి కడివెడు మంచినీళ్ళు పంపించాను. అంతకన్నా నా చేతిలో ఏముంది?

మర్నాడు పొద్దున రేడియోలో తుపాను సంగతి చెప్పారు. సముద్రం ఊళ్ళమీదికి వచ్చిందని, ఎంతమంది పోయారో తెలియదని చెప్తుంటే మా అత్త జపమాల పట్టుకుని కూర్చుంది. సముద్రం మాకెక్కడో దూరం. కానీ గాలికి దూరం లేదు. పొద్దెక్కేసరికి తూర్పున ఆకాశం నల్లబడింది. వాకిట్లో ఆరేసిన బట్టలు లేచిపోయి కంపమీద పడ్డాయి. మిల్లు దగ్గర ఎడ్లు కాడి మోయకుండా తలలు విసరడం మొదలుపెట్టాయి.

గోదాం దాదాపు నిండిపోయింది. ఒక మూల మాత్రం చోటు మిగిలింది. తండా వడ్లయినా పట్టాలి, ఇంకెవరివైనా పట్టాలి. రెండూ పట్టవు. ఆ సంగతి ఐలయ్య లోపలికెళ్ళి చూసొచ్చి చెప్పాడు. సరిగ్గా అప్పుడే బుచ్చిరెడ్డి బండ్లు దుమ్ము లేపుకుంటూ వచ్చాయి. ఆయన ముందు బండి నొగ మీద నిలబడి ఉన్నాడు, భుజాన కండువా గాలికి కొట్టుకుంటోంది.

"ఏం అల్లుడూ, తియ్యి గేటు! మొగులు జూసినవా?" అని కేకేశాడు.

తండా బండ్లు గేటుకు అడ్డంగా వరసలో ఉన్నాయి. దస్రు ఎడ్ల ముందుకు వచ్చి నిలబడ్డాడు. చేతిలో ముల్లుకర్ర తప్ప ఏమీ లేదు, కానీ జరిగే మనిషిలా లేడు. అతని వెనక తండా మగవాళ్ళు. బుచ్చిరెడ్డి పాలేర్లు బండ్లు దిగి పంచెలు ఎగ్గట్టారు. ఒక్క మాట తేడా వస్తే తలకాయలు పగిలేట్టున్నాయి. నేను మిల్లు అరుగుమీద నిలబడి ఉన్నాను.

"పటేలా" అన్నాడు దస్రు మా ఆయనతో, గొంతు పెంచకుండానే. "మేం ముందొచ్చినం. తండా మొదటి వరి గిది. తడిస్తే మొలకలొస్తయి. మళ్ళ ఎవ్వడూ వరి పెట్టడు మా తండాల."

"ఊరోళ్ళం మేం. దగ్గరోళ్ళం" అన్నాడు బుచ్చిరెడ్డి. "బయటోళ్ళు జర ఆగుతరు. అల్లుడూ, నువ్వేం జూస్తున్నవు, మీ అన్నకు చెప్పు."

సంజీవ గేటు అడ్డకట్టె మీద చెయ్యి వేసి అన్నవైపు చూశాడు. మా ఆయన కాంటా పక్కన నిలబడి ఉన్నాడు. మొగులువైపు చూశాడు, బుచ్చిరెడ్డివైపు చూశాడు, తమ్ముడివైపు చూశాడు. ఎన్నో ఏళ్ళు అందరికీ పాఠాలు చెప్పిన మనిషి ఆ క్షణాన కాంటా గొలుసును గట్టిగా పట్టుకున్నాడు.

నాకు జాలేసింది, కోపమూ వచ్చింది. అరుగుమీద నుంచే అడిగాను.

"దూరమెవరిది?"

పొద్దున చెలకలో అడిగినట్టే అడిగాను, అదే గొంతుతో. ఆయన నావైపు తిరిగి చూశాడు. సంజీవ కూడా చూశాడు. వాడికీ తెలుసు ఆ మాట.

మా ఆయన కాంటా గొలుసు వదిలేశాడు. "సంజీవా, తండా బండ్లు ముందు రానీ" అన్నాడు.

సంజీవ చెయ్యి అడ్డకట్టె మీదే ఉంది. తియ్యలేదు. మా ఆయన నడిచి వెళ్ళి, తమ్ముడి చెయ్యి మెల్లగా పక్కకు తీసి, అడ్డకట్టె తానే లేపాడు. దస్రు ఎడ్లను అదిలించాడు. ఒకదాని వెంట ఒకటి బండ్లు లోపలికి కదిలాయి. ఐలయ్య మనుషులు ఒక్కరు కూడా చెప్పించుకోకుండానే బస్తాలు దించడం మొదలుపెట్టారు.

బుచ్చిరెడ్డి నొగ మీద నుంచి దిగాడు. ఆయన చూపు మా ఆయనమీద లేదు. నామీద ఉంది.

"ఏమన్నవమ్మా? దూరమెవరని అడిగినవా? పిల్లనిచ్చినోళ్ళం, మేం మీకు దూరపోళ్ళమయినమా?"

"అది గాదు కాకా..." అన్నాను. ఎట్లా చెప్పను? డాల్డా డబ్బాలు, బంతులు, సేటు, బొల్లారం, ఇవన్నీ చెప్పి ఆయన్ను ఒప్పించే టైమా అది? మా ఇంట్లో పదేళ్ళు నలిగిన మాట బయటివాళ్ళ చెవిలో పడేసరికి ఇంకో మాటైపోయింది. చుట్టరికంలో దూరమెవరని నేను నలుగురిలో అడిగినట్టు, వియ్యాలవారే దూరమని నా మొగుడు తేల్చినట్టు ఆయనకు అర్థమైంది.

"తెలిసిందమ్మా, తెలిసింది" అన్నాడు ఆయన. బండ్లు వెనక్కి తిప్పించాడు.

వాన అప్పుడే అందుకుంది. సూటిగా కాదు, పక్కనుంచి కొట్టే వాన. గోదాం లోపల తండా బస్తాలు పొడిగా ఉన్నాయి. బయట రోడ్డుమీద బుచ్చిరెడ్డి బండ్లు బురదలో కూరుకుని కదలడం లేదు. సంజీవ గేటు దాటి పరుగెత్తాడు. తన మామ బుచ్చిరెడ్డి బస్తాల మీద గడ్డి కప్పాడు. గడ్డి లేచిపోతే తన భుజంమీది తువ్వాల కప్పాడు. ఆ తువ్వాల ఎన్ని బస్తాలు కాస్తుంది? వాడు చక్రం పట్టుకుని తోస్తూ ఒక్కసారి మా గేటువైపు చూశాడు. ఆ చూపు నేను చచ్చేదాకా మరిచిపోను.

*

వాన వెలిసిన పొద్దున సంజీవ నాన్చకుండా అడిగాడు.

"అన్నా, నా పాలు నాకు పంచు."

మా ఆయన తొట్టి దగ్గర నీళ్ళు తోడుకుంటున్నాడు. చెంబు చేతిలోనే ఉండిపోయింది. "మీ మామ వడ్లు తడిసినయని బాధ నాకూ ఉన్నదిరా. కానీ..."

"వడ్లు గాదు. వడ్లు పోతే మళ్ళ పండుతయి. నలుగురిల మామను దూరపోడన్నరు. రేపు నేను ఆ ఇంట్ల ఏం మొకం పెట్టుకుని తినాలె?"

"నీకు తెల్వదా సంజీవా ఆ మాట ఏందో?" అన్నాను నేను. "నువ్వు గూడ ఆడినవు గదరా."

"తెలుసు వదినె. నాకు తెలుసు. మామకు తెల్వదు, ఊరికి తెల్వదు. నీకేమో అడిగేటందుకు అదే టైం దొరికింది."

వాడు అన్నదాంట్లో అబద్ధం లేదు. కానీ ఆ టైంలో అడగకుండా ఉండవలసిందని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. ఒక్కోసారి సరైన పనికీ మనిషి ఇంత పోగొట్టుకోవాల్సి వస్తుందని మాత్రం తెలిసింది. తెలిసి ఏడ్చాను.

రాధ పెట్టె సర్దుకుంటూ నా కొంగు పట్టుకుంది. "అక్కా, నేనేం జేసిన? నన్నెందుకు ఇడిసిపెడ్తున్నవు?"

"నేనెక్కడ ఇడిసిపెడ్తున్ననే? రోడ్డు దాటితే మన పాత ఇల్లే" అన్నాను. రోడ్డు దాటడం ఎంత కష్టమో నాకప్పటికి తెలియదు.

పెద్దమనుషులు కూర్చున్నారు. మిల్లు మా ఆయనకు, పొలంలో ఎక్కువ పాలు సంజీవకు వచ్చాయి. వాడికి ఇచ్చిన ఇల్లు రోడ్డవతల, మిల్లు గేటుకు ఎదురుగా ఉన్న మా పాత ఇల్లు. వాళ్ళ దర్వాజలో నిలబడి గట్టిగా దగ్గితే మా కాంటా దగ్గర వినిపిస్తుంది. అంత దగ్గర. పొయ్యి వేరయింది, పలకరింపు ఆగిపోయింది. మా అత్త ఒక పూట ఇక్కడ, ఒక పూట అక్కడ తినేది. "ఇద్దరు కొడుకుల్ని గన్నందుకు రోడ్డు నడుమల చాప ఏసుకునే గతి పట్టింది" అని రోడ్డు దాటిన ప్రతిసారీ వినపడేలా అనేది. ఇద్దరూ వినేవారు, ఇద్దరూ పలికేవారు కాదు.

తర్వాత ఊరు తన పని మొదలుపెట్టింది. కోతలు ముదిరాయి, కుప్పలు కొట్టారు. వడ్ల బండ్లు మా గేటు ముందు నుంచే జనగామ వెళ్ళిపోయాయి. ఒక్కటీ మా వైపు తిరగలేదు. ఎడ్ల గంటలు దగ్గరికొచ్చినప్పుడు మా ఆయన కాంటా దగ్గర లేచి నిలబడేవాడు. గంటలు దాటిపోయాక కూర్చునేవాడు. అది చూడలేక నేను ఇంట్లోకి పోయేదాన్ని. ఇంజన్ చల్లగా పడి ఉంది. హమాలీలు నీడకు కూర్చుని పులిజూదం ఆడుతున్నారు.

"అమ్మా, పని లేకుంటే చేతులు గుంజుతున్నయి" అన్నాడు ఐలయ్య. "జనగామ మిల్లుల పిలుస్తున్నరు. మావోళ్ళు అడుగుతున్నరు."

"ఇంకొన్ని రోజులు జూడు ఐలయ్యా" అన్నాను. ఏం చూడమన్నానో నాకే తెలియదు.

మా ఆయన ఆ రోజు కర్రల సంచీ అటకమీదికి విసిరేశాడు. "సేటు పాఠాలు సేటుకు పనికొచ్చినయి. మిల్లు నడిపేటోనికి ఊరే దిక్కు. నేను మిల్లు పోగొట్టుకున్న, తమ్ముణ్ణి పోగొట్టుకున్న" అన్నాడు. అని గోడవైపు తిరిగి పడుకున్నాడు, పట్టపగలే.

మర్నాడు పొద్దున నేనొక్కదాన్నే అటకెక్కి కర్ర దించి చెలకలోకి పోయాను. ఎందుకంటే చెప్పలేను. ఇంట్లో ఉంటే గోడలు మీద పడేట్టున్నాయి. నాలుగు దెబ్బలు కొట్టేసరికి బంతి ఎగిరి ఊక కుప్పలో పడింది. వానకు నాని, ఎండకు గట్టిపడ్డ ఊక. బంతి సగం లోపలికి దిగిపోయింది. ఎవరున్నారులే అని వంగి చెయ్యి పెట్టాను.

"తియ్యకు!"

వెనక దర్వాజలో నిలబడి ఉన్నాడు. ఎప్పటి నుంచి చూస్తున్నాడో.

"తియ్యకు సరోజనా. పడ్డకాన్నుంచే కొట్టాలె."

నేను నడుము మీద చెయ్యి పెట్టుకుని ఆయనవైపు చూశాను. "మరి మిల్లో?"

ఆయన ఊక కుప్పవైపు చూశాడు. తర్వాత ఇంట్లోకి వెళ్ళి చొక్కా తొడుక్కుని సైకిల్ బయటికి తీశాడు. గుట్టకింది తండాకు, ఆ అవతల తండాలకు, రైలు పట్టా దాటి ఉన్న చిన్న ఊళ్ళకు తానే వెళ్ళాడు. మా మిల్లులో ఇక ఊరోళ్ళు, బయటోళ్ళు అనే తేడా లేదని, అందరికన్నా దూరం నుంచి వచ్చినవాళ్ళ బండి ముందు లోపలికి వస్తుందని చెప్పొచ్చాడు. కొందరు నవ్వారట. కొందరు నమ్మలేదట. దస్రు మాత్రం, "మా వడ్లు పొడిగున్న సంగతి నేను చెప్త పటేలా, నువ్వు ఇంటికి పో" అన్నాడట.

ముందు ఒక బండి వచ్చింది. రెండు రోజులు ఇంకేమీ రాలేదు. ఆ తర్వాత వరస మొదలైంది. పుష్యం వచ్చేసరికి గేటు ముందు రోజూ బండ్లు ఆగుతున్నాయి, ఇంజన్ చప్పుడుకు మా అత్త మళ్ళీ తిట్టుకుంటోంది. ఐలయ్య పులిజూదం గళ్ళు కాలితో చెరిపేశాడు. నాకు సంతోషంగానే ఉండాలి. కానీ పని సందట్లో తలెత్తితే ఎదురుగా ఆ దర్వాజ కనిపించేది. ఒక్కోసారి రాధ కనిపించేది. చెయ్యి ఎత్తబోయి దించుకునేది.

*

సంజీవ పాలుకు వచ్చిన పొలంలో వరి ఆలస్యంగా పండింది. తుపానుకు పడిపోయి, నీళ్ళలో నాని లేచిన పైరు అది. వడ్లు రంగు తిరిగాయి. వాడు రెండు బండ్లు కట్టించుకుని పొద్దున్నే జనగామ పోవడం నేను చూశాను. మర్నాడు ఎండ చురుక్కుమనే వేళ అవే బండ్లు, అవే బస్తాలతో తిరిగొచ్చాయి. జనగామ మిల్లుల్లో పిడికెడు వడ్లు తీసి చూసి, ఊది, వద్దన్నారని ఐలయ్య చెప్పాడు.

వాడు ఇంటిముందు బండ్లు ఆపలేదు. రోడ్డు దాటించి మా గేటు ముందు వరసలో, అందరికన్నా చివర ఆపాడు. దిగి ఎద్దు పక్కన నిలబడ్డాడు, తలెత్తకుండా. మిల్లు మొత్తం చూసింది. చూడనట్టు నటించింది.

మా ఆయన కాంటా దగ్గర ఒక తండా మనిషితో మాట్లాడుతున్నాడు. మాట మధ్యలో ఆగిపోయింది. ఒక్కడుగు ముందుకు వేశాడు, ఆగాడు. నాకు ఆయన సంగతి తెలుసు. దూరంవాళ్ళే ముందని ఇంటింటికీ తిరిగి చెప్పొచ్చిన మనిషి. ఇవాళ తమ్ముణ్ణి ముందుకు పిలిస్తే, మళ్ళీ మనవాళ్ళకే ముందు అనే పాత పద్ధతి అయిపోతుంది. ఆ వరసలో ఉన్నవాళ్ళలో అందరికన్నా దగ్గరి ఇల్లు సంజీవది. రోడ్డు దాటితే వచ్చేది. లెక్క ప్రకారం వాడు చివరే. అన్నీ అయ్యేసరికి పొద్దుగుంకుతుంది. అంతసేపు వాడు, ఆ ఊరివాడు, బుచ్చిరెడ్డి అల్లుడు, ఒకప్పుడు ఆ గేటుకు తానే కాపలా ఉన్నవాడు, అట్లా తలొంచుకుని నిలబడాలి. నేను మాట్లాడదామనుకున్నాను. కానీ ఒకసారి మాట్లాడి ఇల్లు రెండు చేసుకున్నదాన్ని.

వరసలో మొదటి బండి గుట్టకింది తండాది. మంగ్లీ దాని మీద కూర్చుని ఉంది. ఆమె వెనక్కి తిరిగి సంజీవను చూసింది. తర్వాత మా ఆయనను, తర్వాత నన్ను చూసింది. బండి దిగింది.

"పటేలా, దూరమున్నోళ్ళే ముందని మా తండాకొచ్చి చెప్పినవు గదా?"

"అవును మంగ్లీ."

"మరి మమ్మల్నెందుకు ముందు పిలుస్తున్నవు? మాదెంత దూరం? గుట్ట ఎక్కి దిగుతే తండా." ఆమె దంతపు గాజులు గలగలమనేట్టు చెయ్యెత్తి చివరి బండిని చూపించింది. "గా చివరాఖరు బండి జూడు. ఎదురుంగ ఇల్లు పెట్టుకుని ఇన్ని రోజులకు ఇయ్యాల చేరిండు గాయినె. ఆయినెకంటె దూరం నుంచి ఎవలొచ్చిండ్రు ఈ లైన్ల?"

దస్రు తన ఎడ్ల ముకుతాళ్ళు పట్టుకుని బండి పక్కకు జరిపాడు. వాళ్ళ మాటలో వెనకవాళ్ళకు ఏదో చెప్పాడు. ఒకదాని తర్వాత ఒకటి బండ్లు రోడ్డు అంచుకు జరిగాయి. గేటు నుంచి సంజీవ నిలబడ్డ చోటిదాకా దారి తెరుచుకుంది.

మా ఆయన ఆ దారి వెంట నడిచి వెళ్ళాడు. వాడి చేతిలోంచి పగ్గం తీసుకుని, ఎద్దు మెడ నిమిరి, బండిని లోపలికి నడిపించుకొచ్చాడు. ఐలయ్య బస్తా విప్పి పిడికెడు వడ్లు చూశాడు. రంగు తిరిగిన వడ్లే. "ఆరబోస్తె మంచిగైతయి" అన్నాడు గట్టిగా, అందరికీ వినపడేట్టు. కల్లం ఊడవమని మనుషులను కేకేశాడు.

బుచ్చిరెడ్డి కాక మాత్రం ఆ తర్వాత కూడా మా మిల్లు గడప తొక్కలేదు. అన్నీ మనం కోరినట్టే కావు. పొయ్యిలు కూడా మళ్ళీ ఒకటి కాలేదు. కానీ ఆ రోజు నాకు అవేవీ పట్టలేదు.

సంజీవ కాంటా దాటి, అరుగు దాటి వచ్చి, మా వంటింటి దర్వాజ దగ్గర ఆగాడు. లోపలికి రాలేదు. జనగామలో రాత్రంతా బండ్ల దగ్గరే ఉన్నట్టున్నాడు, మొహం పీక్కుపోయి ఉంది. నేను అన్నం గిన్నె మీద చెయ్యి వేసి వాడివైపు తిరిగాను. నా నోట వచ్చింది ఒక్కటే మాట.

"దూరమెవరిది రా?"

తలుపు చెక్కకు ఆనుకుని, చిన్నప్పటిలాగే పీటకోసం చూశాడు.

"నాదే వదినె" అన్నాడు.